ఎందుకు ఉరికినవ్

నవంబరు 5, 1990, సోమవారం

చంద్రమౌళి సారుకు మతి పోయింది. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను, ఇక్కడ రాసుకోవడానికి భయమెందుకు. మా పక్క హైస్కూల్లో డ్రిల్లు సారు ఆయన. పిల్లలను ఎత్తు ప్రకారం వరుసలో నిలబెట్టి, ఈల ఊది, నీడకు పోయి కూర్చోవడం ఇన్నాళ్లూ ఆయన ఉద్యోగం. ఇప్పుడు సిరిసిల్లలో మారథాన్ పెడతాడట. హైస్కూలు మైదానంలో బయలుదేరి, గంభీరావుపేట రోడ్డు మీద చాలా దూరం పోయి, తిరిగి మైదానానికే రావాలి. మొత్తం నలభై రెండు కిలోమీటర్లు. జగిత్యాల, కోరుట్ల, ఇబ్రహీంపట్నం, ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారట.

"సారూ, మన దిక్కు రోడ్డు మీద ఉరికెటోన్ని ఏమనుకుంటరో మీకు ఎరికేనా?" అని అడిగాను.

"ఎరికే టీచరమ్మా. గందుకే పెడుతున్న" అన్నాడు.

నా మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు రాకముందే నేను నేర్పిన పాఠం ఒకటుంది. పోలీసు జీపు కనబడితే పరుగెత్తవద్దు. ఉన్నచోటే నిలబడాలి. చేతులు కనబడనివ్వాలి. ఈ పాఠం ఏ వాచకంలోనూ లేదు, కానీ ఒక్క పిల్లవాడూ మరిచిపోడు. అలాంటి ఊళ్లో ఈ మనిషి పరుగు పందెం పెడతాడు.

ఆడవాళ్లలో ఒక వాలంటీరు కావాలంటే మా హెడ్మాస్టరు నా పేరు చెప్పేశాడు. కుదరదంటే ఎందుకని అడుగుతారు, అప్పుడు ఇంటి సంగతి చెప్పుకోవాలి. అందుకని సరేనన్నాను. అంతకంటే ఏమీ లేదు.

మా ఆయన ఈ రోజు కూడా గడప దాటలేదు.

నవంబరు 7

గడప దాటలేదు.

నవంబరు 11, ఆదివారం

పొద్దున రాజమల్లు వచ్చాడు. ఆయన మరమగ్గాల కార్ఖానాలోనే మా ఆయన సాంచాలు నడిపేవాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడి మంచం దిక్కు చూశాడు. మా ఆయన గోడకు తిరిగి పడుకున్నాడు.

"ఎల్లేశం చెయ్యి ఎసొంటిదో నాకెరికే. గందుకే ఇన్ని దినాలు గా సాంచాల మీద ఎవలను కూసోనియ్యలే. ఈ ఏడాది ఎల్లేదాకా సూస్త బిడ్డా. గా ఎన్కకు నాతోని కాదు" అన్నాడు.

తప్పు పట్టడానికి లేదు. వేరే ఆసామి అయితే నెలలోనే ఇంకొకరిని పెట్టుకునేవాడు. కానీ ఆ సాంచాలు ఇంకొకరి చేతికి పోతే ఈయన ఇక మంచం దిగడు. ఇది నాకు తెలుసు, అత్తమ్మకూ తెలుసు. ఆమె బియ్యం ఏరింది, నేను పిల్లల కాపీలు దిద్దాను.

ఎండాకాలంలో మా ఆయన ఎల్లంతకుంటలో పెళ్లికి పోయి నడుచుకుంటూ వస్తున్నాడు. వెనుక జీపు చప్పుడైంది. పరుగెత్తాడు. ఆయన చేసిన నేరం మొత్తం ఇదే. ఠాణాలో పెట్టినన్ని రోజులూ ఒక్కటే అడిగారట, "ఎందుకు ఉరికినవ్" అని. భయమైంది సారు అంటే కొట్టారు. తెల్వది సారు అంటే కొట్టారు. చేతుల మీద ఎక్కువ కొట్టారు. కేసు లేదని తేలి, బతుకమ్మకు ముందు ఇంటికి పంపారు.

చేతులు మానాయి. ఎముకలు బాగున్నాయి, పని చేసుకోవచ్చు అని డాక్టరు అన్నాడు. ఈయనేమో పోగు పట్టుకుంటే వేళ్లు రావడం లేదంటాడు. పట్టుకుని చూసిందెప్పుడు? వచ్చిన రోజు నుంచి నూలు ముట్టలేదు. అత్తమ్మ కండెలు చుట్టే రాట్నం చప్పుడుకు కూడా దుప్పటి ముసుగు పెడుతుంటే, పాపం ఆమె దాన్ని ఎదురింటి ఐలవ్వ ఇంట్లో పెట్టుకుంది.

నాకు కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో రాయను. రాయడానికి కూడా లేదు.

నవంబరు 18, ఆదివారం

మానేరు వంతెన దగ్గర ఉరికేవాళ్ల సాధన. వాలంటీర్లం కూడా రావాలట. చలిలో శాలువా కప్పుకుని పోయాను, మనసులో చంద్రమౌళి సారును తిట్టుకుంటూ.

ఎల్లంతకుంట నుంచి సాయిలు వచ్చాడు, తాళ్లెక్కి కల్లు తీసే గౌడు. సారు కాన్వాసు బూట్లు ఇస్తే వాటిని ముడేసి మెడలో వేలాడదీసుకుని, వట్టి కాళ్లతో ఉరుకుతున్నాడు. "బూట్లేసుకుంటే భూమి ఎరుకైతలేదు సారూ" అన్నాడు. బరువైన మనిషే, కానీ రోడ్డు మీద అడుగుల చప్పుడు వినబడదు. ఒకసారి నా పక్క నుంచి పోయాడు. పోయాక గాలి తగిలింది.

ఇబ్రహీంపట్నం మనిషి జలపతిని చూసి మొదట నవ్వొచ్చింది. పొట్ట ఉంది. ఉరుకుతుంటే మోచేతులు రెండు దిక్కులకు కొట్టుకుంటాయి. ఆగస్టులో కువైట్ మీద యుద్ధం పడ్డప్పుడు కట్టుబట్టలతో ఇసుకలో నడిచి బయటపడ్డాడట. వచ్చి వాకిట్లో కూర్చుంటే ఊరివాళ్లు ఏం తెచ్చావని అడుగుతారు, అందుకని తెల్లారేసరికి ఇంట్లో ఉండకుండా ఉరకడం మొదలుపెట్టాడట.

"గప్పుడు ఎన్కనుంచి ఏమస్తదోనని నడిచిన టీచరమ్మా. గిప్పుడు ముంగట ఏమున్నదో సూస్తూ ఉర్కుతున్న. కాళ్లు గవ్వే, గని మస్తు ఫరక్ ఉన్నది" అన్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ.

తరువాత నవ్వు రాలేదు. సిగ్గేసింది కూడా.

ఒప్పుకుంటున్నాను, బాగుంది. వెనుక ఎవరూ తరమకుండా మనిషి పరుగెత్తుతుంటే చూడడానికి చాలా బాగుంది. ఇంటికి వచ్చి చెప్పబోయాను. ఆ మాట ఇంట్లో ఎట్లా ఎత్తాలో తెలియలేదు. చలి బాగుందని చెప్పాను.

నవంబరు 22

ఉరికేవారందరికీ ఛాతీ మీద ఒకటి, వీపు మీద ఒకటి, దూరానికి కనబడే నంబరు ఉండాలని పోలీసులు షరతు పెట్టారు. తెల్ల గుడ్డ ముక్కల మీద నేను నంబర్లు వేస్తున్నాను, అత్తమ్మ అంచులు కుడుతోంది.

"రెండెందుకే? ఒక్కటి సాలదా?"

"ముంగట నుంచి అచ్చెటోళ్లకు ఒకటి, ఎన్క నుంచి అచ్చెటోళ్లకు ఒకటి అత్తా" అన్నాను.

ఇద్దరం నవ్వాం. అత్తమ్మ ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో. మంచం మీద నుంచి ఆయన మమ్మల్ని చూశాడు. నవ్వలేదు, కానీ చూశాడు.

నవంబరు 26

గడప దాటలేదు. నేను పట్టించుకోవడం మానేశాను.

నవంబరు 27

మానేశానని నిన్న రాసింది అబద్ధం.

డిసెంబరు 2, ఆదివారం

ఈ రోజు నా పరువు పోయింది. రాసుకుని నవ్వుకుంటాను.

అసలు పందెం కంటే ముందు ఒకసారి సగం దూరం ఉరికించి చూశారు. నాకు వంతెన దగ్గర నీళ్లిచ్చే పని. ఇంట్లోని స్టీలు గ్లాసులు, మా పెళ్లికి పేర్లు చెక్కించి ఇచ్చినవి, సంచిలో వేసుకుని పోయాను. ఇంటికి వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు నిండా నింపి, కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు నిలబడి తాగి, గ్లాసు చేతికిచ్చి పోతారనుకున్నాను. చుట్టాలు అట్లాగే తాగుతారు కదా. ఒక్కొక్కరూ వచ్చి, గ్లాసు లాక్కుని, తాగుతూనే పోయారు. సాయిలు పోయాడు, నా గ్లాసు పోయింది. జగిత్యాల పిల్లలు పోయారు, గ్లాసులు పోయాయి. జలపతి కూడా తీసుకుని పోతుంటే ఇక ఓపిక పట్టలేకపోయాను. "అన్నా, నా గిలాస" అని చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెంటబడ్డాను.

కొంత దూరం పోయాక నాకు తెలిసింది, నేను పరుగెత్తుతున్నానని. రోడ్డు మీద, పట్టపగలు. చిన్నప్పుడు ఎప్పుడో ఉరికినదాన్ని. గుండె కొట్టుకుంటోంది, జుట్టు ఊడిపోయింది, లోపల ఏదో తేలికైంది. అప్పుడే ఎదురుగా జీపు వచ్చింది. ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు, స్తంభంలా నిలబడిపోయాను, రెండు చేతులూ ముందుకు చాచి. నేను పిల్లలకు నేర్పిన పాఠం నాకే గుర్తొచ్చింది. జీపు నెమ్మదై, లోపలి నుంచి ఒక పోలీసాయన తల బయట పెట్టి, "ఏందమ్మా?" అన్నాడు.

"గిలాస సారూ. తీస్కపోయిండు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. జలపతి దూరంగా, మోచేతులు కొట్టుకుంటూ, స్టీలు గ్లాసు మెరుస్తూ పోతున్నాడు. ఆయన నవ్వాడు. జీపు పోయింది.

ఇంటికి వచ్చి ఇదంతా అత్తమ్మకు చెప్పాను, గట్టిగానే చెప్పాను, మంచం దాకా వినబడేటట్టు. చెప్పడం అయిపోయాక మంచం మీద నుంచి మాట వచ్చింది.

"ఏమనలేదా నిన్ను?"

"ఏమనలేదు. నవ్విండు" అన్నాను.

అంతే. అయినా అది మాటే. మూడు రోజుల తరువాత మాట.

డిసెంబరు 6

పందెం జరగదని ఊళ్లో పుకారు. అడవిలో ఉన్న అన్నలకు ఇష్టం లేదని కొందరు, పోలీసులకు ఇష్టం లేదని కొందరు. చంద్రమౌళి సారు రెండు దిక్కులా మాట చేరవేశానన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ఇద్దరూ ఒక్కటే అడిగిండ్రు టీచరమ్మా. ఎవలు ఉర్కుతున్నరు, ఎందుకు ఉర్కుతున్నరు అని. ఊకెనే, ఏ కారణం లేకుండనే ఉర్కుతున్నరు అని చెప్పిన. ఇద్దరూ నమ్మలే."

"మరి ఏమైతది?"

"కాదని ఇద్దరూ అనలే. గంతే."

ఈయనకు మతి పోయిందని రాశాను. పోయినా మంచిదే అనిపిస్తోంది. ఇంత భయపడుతూ కూడా ఎవరినీ పక్కకు తప్పుకోమనలేదు.

డిసెంబరు 9, ఆదివారం

గమ్యం దగ్గర అడ్డంగా పట్టుకునే దారం నేను తేవాలట. "నేతోళ్ల ఇల్లు గద, మీ దగ్గర లేని నూలా" అన్నాడు సారు. మొదట వచ్చినవాడు దాన్ని ఛాతీతో తెంపుకుంటూ పోతాడట. రంగు మాత్రం ఎర్రది వద్దన్నాడు, ఎందుకొచ్చిన గొడవ అని. రాజమల్లును అడిగితే పసుపు రంగు నూలు ఇచ్చాడు.

"తెంపుటానికా?" అని రెండుసార్లు అడిగాడు రాజమల్లు. "ఏందో బిడ్డా. పొద్దంతా తెగకుండ సూసుకునుడే మా బతుకు. మీరేమో తెంపినోనికి చప్పట్లు కొడుతరట."

నూలు ఉండను ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయనకు కనబడకుండా పెట్టాలనుకుని, కనబడేటట్టే గూట్లో పెట్టాను. మరిచిపోయి పెట్టానని అత్తమ్మతో అన్నాను. ఆయన అటు చూసి గోడకు తిరిగాడు.

డిసెంబరు 12

గడప దాటలేదు. నూలు గూట్లోనే ఉంది. ఏడాది చివరికి వచ్చేసింది.

డిసెంబరు 15, శనివారం

దూరం నుంచి వచ్చినవాళ్లను వాలంటీర్ల ఇళ్లలో ఉంచుతున్నారు. మా ఇంటికి బాలమణి వచ్చింది, కోరుట్ల నుంచి. ఇంట్లో ఆయన పరిస్థితికి కొత్త మనిషిని ఎట్లా ఉంచుకోవడమని సారుతో పోట్లాడదామనుకున్నాను. ఇంతలో ఆమె చేతిసంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "వదినె, కాళ్లు కడుక్కుంట, నీళ్లేడున్నయి" అని నేరుగా పెరట్లోకి పోయింది. ఇక పోట్లాడడానికి ఏముంది.

నాకంటే పెద్దది. బీడీలు చేస్తుంది. తండ్రి మగ్గం నేసేవాడట, మగ్గాలు పోయాక ఇంటిల్లిపాదీ బీడీలకు దిగారట. పందెంలో ఉరికే ఆడమనిషి ఈమె ఒక్కతే. చీరలోనే ఉరుకుతుందట, కచ్చ పోసి. చంద్రమౌళి సారు మధ్యలో ఆగిపొమ్మని బతిమాలాడట, వినలేదట.

అన్నాలకు కూర్చున్నాం. ఆయనకు మంచం దగ్గరే కంచం పెట్టాను. బాలమణి నోరు ఆగదు. కోరుట్లలో చీకటితో లేచి చెరువు కట్ట మీద ఉరకడం మొదలుపెడితే ఆమెకు దయ్యం పట్టిందని అత్తగారు మంత్రగాణ్ణి పిలిపించిందట. "గాయన యాప మండలు తెచ్చిండు. నేను గవి గుంజుకొని ఉరికిన" అంది. అత్తమ్మ నవ్వి నవ్వి పొలమారింది.

అప్పుడు ఆయన తల ఎత్తి అడిగాడు.

"ఎందుకు ఉర్కుతున్నవ్ చెల్లె?"

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. అత్తమ్మ నా ముఖం చూసింది. ఆ ప్రశ్న ఈ ఇంట్లో ఎవరి నోటా రాకూడదని మేము ఎన్నిసార్లు జాగ్రత్తపడ్డామో. ఆయనే అడిగాడు. ఎట్లా అడిగాడంటే, జవాబు నిజంగా కావలసినవాడు అడిగినట్టు అడిగాడు.

బాలమణికి ఇవేమీ తెలియవు. మజ్జిగ కలుపుకుంటూ చెప్పింది.

"ఊకెనే అన్నా. బీడీలు చేసెటోళ్లకు చేతులకే పని. కాళ్లు మడిచి కూసుంటే పొద్దంతా గట్లనే. ఓనాడు లేవబోతే కాళ్లు రాలే, ఎవలియో అనిపించినయి. గప్పుడు ఉరికిన. ఉర్కుతుంటే నాయే అనిపించినయి. గంతే, ఇంకేం లేదు."

"గంతేనా" అన్నాడు ఆయన.

"గంతే. ఎందుకో చెప్పాల్నంటే నాకు రాదు. అడిగినోళ్లందరికీ ఊకెనే అని చెప్త." కంచం తీసి లేస్తూ మళ్లీ అంది, "అన్నా, రేపు నేను అందరికంటే ఎన్క అస్త. నేనొచ్చే వరకు అందరు లేచిపోతరు. ఎవలన్న ఒకరు నిలబడి ఉంటే నాకు ఉరుకుడు ఒడిసిందని ఎరుకైతది. నువ్వు రారాదు?"

ఆయన చేతులు దుప్పటి కింద పెట్టుకున్నాడు. బాలమణి జవాబు కోసం ఆగలేదు, పెరట్లోకి పోయి కంచం కడుక్కుంటూ పాట పాడుకుంది.

నాకు ఆమెను కొట్టాలనిపించింది. కాళ్లు మొక్కాలని కూడా అనిపించింది.

డిసెంబరు 16, ఆదివారం

మొదటి నుంచి రాస్తాను, లేకపోతే నేనే నమ్మను.

తెల్లవారుతుండగా బాలమణిని తీసుకుని మైదానానికి పోయాను. ఆయన పడుకునే ఉన్నాడు. మైదానం నిండా జనం. భయపడి రారేమో అనుకున్నాం, సగం ఊరు వచ్చింది. గోడ వెంబడి పోలీసులు నిలబడ్డారు. చంద్రమౌళి సారు ఈల ఊదాడు. అందరూ కదిలారు.

అంతమంది ఒక్కసారి పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. చూసిందల్లా చెదిరిపోవడమే, ఎవరి దిక్కు వారు, చెప్పులు వదిలేసి. వీళ్లు ఒకే దిక్కుకు పోయారు, ఒకరి భుజం ఒకరికి తగులుతూ. నా పక్కనున్న ముసలమ్మ ఏడుస్తోంది. ఎవరమ్మా నీవాళ్లు అంటే, "ఎవలూ లేరు బిడ్డా, ఊకెనే" అంది.

పొద్దెక్కింది. మైదానంలో సారు ఒక కొస, నేను ఒక కొస పసుపు దారం పట్టుకుని నిలబడ్డాం. కేకలు వినబడ్డాయి. సాయిలు మలుపు తిరిగి వచ్చాడు, వట్టి కాళ్లతో, మెడలో బూట్లు లేవు, ఎక్కడ పారేశాడో. ఎంత నిదానంగా ఉంది ఆ ముఖం. అంత దూరం పోయివచ్చిన మనిషి పక్క వీధి నుంచి వస్తున్నట్టు వచ్చి, దారం తెంపుకుంటూ పోయాడు. జనం ఎగబడి ఎత్తుకున్నారు. చంద్రమౌళి సారు తన కొస వదిలేసి, చిన్నపిల్లవాడిలా ఏడుస్తూ అటు ఉరికాడు. తెగిన దారం మట్టిలో పడింది.

ఆ మట్టిలోకి వంగిన మనిషిని చూసి మొదట గుర్తుపట్టలేదు. తల మీద తువ్వాల ఉంది. వంగి, తెగిన కొస తీసుకుని, దుమ్ము దులిపి, నా దిక్కు వస్తున్నాడు. నా చేతిలోని ముక్క తెగిన కొస అందుకుని, రెండింటినీ నాలుకతో తడి చేసి, వేళ్ల మధ్య మెలిపెట్టి ముడి వేశాడు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. సాంచా ముందు నిలబడ్డప్పుడు రోజంతా ఎట్లా చేసేవాడో అట్లాగే. తాను చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. ముడి పడ్డాక తన వేళ్లను తాను చూసుకున్నాడు.

ఎట్లా వచ్చాడో అత్తమ్మ తరువాత చెప్పింది. పందెం మా వీధి కొస నుంచే పోయింది కదా. అడుగుల చప్పుడుకు లేచి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడట. ఉరికేవాళ్లందరూ పోయారు, చిట్టచివర పోలీసు జీపు వాళ్ల వెనుక మెల్లగా పోయింది. ఎవరినీ ఆపలేదు, ఎవరినీ అడగలేదు. చాలాసేపు అట్లాగే నిలబడి, నీళ్లు తాగి, తువ్వాల వేసుకుని బయటికి నడిచాడట. "నేనేం అనలే, ఎన్క ఎన్క అచ్చిన" అంది ఆమె.

చంద్రమౌళి సారు కళ్లు తుడుచుకుంటూ తిరిగి వచ్చి చూశాడు.

"ఎందుకు కట్టినవయ్యా? ఫస్టు అచ్చినోడే తెంపుతడు. తతిమ్మోళ్లకు దారముండది."

"తెగింది గద సారూ" అన్నాడు ఆయన.

సారు నా ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. ఇక మా ఆయన ఒక కొస, నేను ఒక కొస. రెండోవాడు వచ్చాడు, జగిత్యాల కాలేజీ పిల్లవాడు. దారం చూసి అనుమానంగా ఆగబోయాడు, జనం అరిస్తే తెంపుకుంటూ పోయాడు. ఆయన వంగి తీసుకుని ముడి వేశాడు. మూడోవాడు, నాలుగోవాడు. తెగుతోంది, కడుతున్నాడు. మొదట్లో నవ్వినవాళ్లు తరువాత నవ్వడం మానేసి ప్రతి మనిషికీ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, మొదటివాడికి కొట్టినట్టే.

జలపతి కుంటుకుంటూ వచ్చాడు. దారం కనబడగానే మోచేతులు ఆగిపోయాయి.

"నాక్కూడనా?" అన్నాడు.

"రావయ్యా" అన్నాను.

తెంపుకుని పోయి, మట్టిలో కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. కువైట్ నుంచి వచ్చాక ఎవరూ తన కోసం ఎదురుచూడలేదని ఎవరితోనో చెబుతున్నాడు. ఇంత పొట్టతో ఇంత దూరం ఉరికినవాణ్ణి నేను మొదటి రోజు చూసి నవ్వాను. ఇప్పుడు ఆయన ముందు నిలబడాలంటే నాకే చిన్నతనంగా ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చింది. బహుమతులు ఇచ్చేశారు. షామియానా విప్పుతున్నారు, మైకు తీసేశారు, జనం పలచబడ్డారు. బాలమణి రాలేదు. ఆగిపోయి ఉంటుంది, ఏ ఎడ్లబండిలోనో ఎక్కి ఉంటుంది అని సారు అన్నాడు. మా ఆయన కదలలేదు. దారం పట్టుకుని దారి దిక్కే చూస్తున్నాడు. గోడ దగ్గర ఒక కానిస్టేబులు కూడా పోకుండా నిలబడ్డాడు. రాజమల్లు ఎప్పుడు వచ్చాడో, గేటు పక్కన నిలబడి ఆయన చేతులనే చూస్తున్నాడు.

అప్పుడు జీపు చప్పుడైంది.

నా కొస వణికింది. ఆ వణుకు నాది కాదు, దారం గుండా వచ్చింది. ఆయన ఉరుకుతాడు అనుకున్నాను. దేవుడా, ఇప్పుడు ఉరకకూడదు అనుకున్నాను. మలుపులో ముందు జీపు కనబడలేదు. బాలమణి కనబడింది. చీర కచ్చ అంతా దుమ్ము, జుట్టు ముఖం మీద పడి, ఒక కాలు ఈడుస్తూ, కానీ ఉరుకుతూ. ఆమె వెనుక, ఆమె అడుగు ఎంతో అంతే మెల్లగా, జీపు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. వెనుక వస్తున్నది తనకు తోడు వస్తున్నట్టే ఉరుకుతోంది. నిజంగానే తోడే వచ్చింది.

ఆయన చూస్తూ నిలబడ్డాడు. దారం వణకడం మెల్లగా తగ్గింది. ఆ కొస దగ్గర ఏం జరుగుతోందో నాకు ఇక్కడ తెలుస్తూనే ఉంది.

ఉన్న కొద్దిమందీ పరుగెత్తి వచ్చారు. షామియానా విప్పేవాళ్లు గుంజలు వదిలేసి వచ్చారు. అత్తమ్మ బాలమణి పేరు పెట్టి అరుస్తోంది. ఆమె వచ్చి, వచ్చి, సరిగ్గా దారం ముందు ఆగిపోయింది. రొప్పుతోంది. ఛాతీకి జానెడు దూరంలో దారం. దాని నిండా ముడులు. వేలితో ఒక ముడిని ముట్టి చూసింది. మగ్గం నేసిన వాళ్ల బిడ్డ కదా, చూడగానే తెలిసిపోయింది.

"గిన్నిసార్లు అతికినవా? గిదాన్ని ఎట్ల తెంపుదునే అన్నా. పోగు తెంపితే మా నాయిన ఈపు పగలగొట్టెటోడు."

ఆయన గొంతు నేను ఇన్ని నెలల్లో వినని గొంతు.

"తెంపు చెల్లె. మల్ల కడ్త."

ఆమె తెంపింది. వెనుక ఇంకెవరూ రావడానికి లేరు. అయినా ఆయన వంగి రెండు కొసలూ అందుకుని ముడి వేశాడు.